హెడ్‌మిస్ట్రెస్ మాలకొండమ్మ

కరోనా వచ్చి బళ్లు మూసేశాక, గుండ్లేరుపాడు ప్రాథమిక పాఠశాలలో పనిచేసే ఎస్తేరు టీచర్‌కి ఉద్యోగం అదే ఉండి పని మారిపోయింది. ఇకమీదట పాఠాలు టీవీలోనూ ఫోనులోనూ వస్తాయని, పిల్లలు ఇంటి దగ్గరే కూర్చుని వింటారని ప్రకటన వచ్చింది. ఏ పాఠం ఎప్పుడు వస్తుందో, ఫోనులో దేన్ని నొక్కితే ఏది తెరుచుకుంటుందో తల్లిదండ్రులకు చెప్పడం టీచర్ల పని. ఎస్తేరుకి ఊళ్లో పడమటి వీధి ఇచ్చారు. ఆమె మాస్కు కట్టుకుని, గొడుగు వేసుకుని, ఒక్కో ఇంటి ముందూ రోడ్డు మీదే నిలబడి చెప్పేది. లోపల్నుంచి వాళ్లు అరిచేవాళ్లు, బయట నుంచి ఈమె అరిచేది. మొత్తానికి విషయం అందేది.

అందనిదల్లా పాఠమే. ఆ వీధిలో టీవీ ఉన్న ఇంటికి కరెంటు నిలకడ లేదు. ఫోను ఉన్న ఇంటికి ఫోను ఇంట్లో ఉండదు. అంకమ్మ కూతురు నవ్యశ్రీ సంగతే చూస్తే, ఐదో తరగతి పిల్ల, పుస్తకం చేతికిస్తే వార్తలు చదివినట్టు గడగడా చదివేది. లెక్కల్లో భిన్నాలు మొదలుపెట్టిన వారంలో బడి మూసేశారు. ఇంటికంతా ఉన్న ఒక్క ఫోనూ వాళ్ల నాన్న గాలెయ్య జేబులో ఆటోతో పాటు తిరుగుతుంది. తమ్ముడు జస్వంత్ రెండో తరగతి. వాడికి ఏ పాఠం పోయినా బెంగ లేదు. నవ్యశ్రీ మాత్రం టీచర్ కనపడినప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి, "మేడం, కింద ఎనిమిది ఉంటే పెద్దది కావాలి గదా, చిన్నదెట్టా అవుద్ది?" అని అడిగేది. రోడ్డు మీద నుంచి అరిచి చెప్పేది కాదది. ఎస్తేరుకి ఆ ప్రశ్న ఇంటిదాకా వెంటవచ్చేది.

రోజూ సాయంత్రం ఎంతమంది పాఠం విన్నారో దూరవిద్యా సమన్వయ కేంద్రానికి చెప్పాలి. ఎస్తేరు ఉన్నదున్నట్టు చెప్పేది. ఒకరోజు సమన్వయాధికారి వైకుంఠరావు గారే ఫోను చేశారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదువుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో ఉప్మా అడిగినా అట్లాగే అడుగుతారని ఆఫీసులో చెప్పుకునేవాళ్లు.

"మేడం, మీ వీధి యొక్క హాజరు శాతము సగటును క్రిందికి లాగుచున్నది."

"పిల్లలకి ఫోన్లు లేవండి సార్."

"ఫోనులు లేకపోవుట సాంకేతిక సమస్య. హాజరు లేకపోవుట క్రమశిక్షణా సమస్య. రెంటినీ కలపరాదు."

ఎస్తేరు కలపనని మాట ఇచ్చింది.

పైన ఎవరో పెద్దవారు ఈ సమస్య మీద బాగా ఆలోచించారు. హాజరు అనేది బడిలో తీసుకుంటారు. పిల్లలేమో ఇంట్లో ఉన్నారు, ఎక్కడికీ కదలడం లేదు. అలాంటప్పుడు ఇంటినే బడి అనేస్తే నూటికి నూరు మంది హాజరైనట్టే. వెంటనే ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, బడియీడు పిల్లలు నివసించు ప్రతి గృహమును తదుపరి ఉత్తర్వుల వరకు పాఠశాలగా పరిగణించవలెను. పాఠశాలలకు వర్తించు నియమ నిబంధనలన్నియు గృహములకు యథాతథముగా వర్తించును."

మర్నాడే హాజరు నూరు శాతం అయింది. అధికారులు ఒకరినొకరు దూరం నుంచి అభినందించుకున్నారు. ఉత్తర్వులోని రెండో వాక్యాన్ని ఆ సంబరంలో ఎవరూ సరిగా చదవలేదు.

ప్రతి బడికీ ఒక ప్రధానోపాధ్యాయుడు ఉండాలి కాబట్టి, ప్రతి ఇంటికీ ఒకరిని తేల్చే పని ఎస్తేరు మీద పడింది. గాలెయ్య ఇంటికి ఆమె వెళ్లేసరికి అందరూ వాకిట్లోనే ఉన్నారు.

"ఇంటి పెద్దని నేనే గదా మేడం. నా పేరు రాసుకోండి," అన్నాడు గాలెయ్య.

"బడి టైములో కదలకుండా ఆవరణలోనే ఉండాలంట. నువ్వు ఆటోలో ఉంటావు."

"అయితే అంకమ్మ."

"నేను మిరపతోటలకి కూలికి పోతన్నా గదా," అంది అంకమ్మ.

గేదె పక్కన కూర్చుని పేడ తీస్తున్న గాలెయ్య తల్లి మాలకొండమ్మ చెయ్యి కడుక్కుని లేచి వచ్చింది. "సర్వీసు ఎవరికి ఎక్కువుందో చూడాల గదమ్మా. నేను ఈ ఇంటికి వచ్చినప్పటికి ఈ గాలిగాడు పుట్టనే లేదు. కోడలేమో మొన్న వచ్చింది."

ఇంక చర్చ లేదు. చదువు ఎంతవరకు ఉండాలో ఉత్తర్వులో ఎక్కడా లేదు. మాలకొండమ్మ బడి మెట్టు ఎక్కింది ఒకేసారి, అదీ మనవరాల్ని చేర్చడానికి. గోడ మీద "గృహ ప్రాథమిక పాఠశాల" అని సున్నంతో రాయించి, వేలిముద్ర వేసి బాధ్యతలు తీసుకుంది.

తీసుకున్నాక ఊరికే కూర్చోలేదు. పొద్దున్నే స్టీలు కంచం మీద గరిటెతో కొట్టి బెల్లు మోగించేది. పిల్లలిద్దరూ వరసలో నిలబడి ప్రార్థన చేయాలి. ఇద్దరు వరస ఎట్లా అవుతారని జస్వంత్ అడిగితే, ఒకరి వెనక ఒకరు నిలబడితే అవుతారంది. అంకమ్మ ఇప్పుడు సహాయోపాధ్యాయిని కాబట్టి, కూలికి వెళ్లాలన్నా, అవతలి వీధిలో ఉన్న అన్న ఇంటికి వెళ్లాలన్నా అత్తగారి దగ్గర సెలవు అడగాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉంది కాబట్టి అంకమ్మకి పెద్ద తేడా తెలియలేదు. తేడా తెలిసింది గాలెయ్యకి. మధ్యాహ్నం అన్నానికి వస్తే తల్లి గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టింది.

"బడి నడిచేటప్పుడు బయటి మగవాళ్లు లోపలికి రాకూడదంట."

"నేను బయటివాడినేందమ్మా?"

"లోపలి వాడివైతే పొద్దున బెల్లుకి ఎందుకు లేవు?"

గాలెయ్య ఆ రోజు నుంచి ఆటోలోనే కూర్చుని అన్నం తిన్నాడు.

కూతురి చదువు పోతోందని అతనికీ లోపల బాధగానే ఉండేది. గిరాకీ ఎట్లాగూ లేదని, పాఠాల వేళకి ఫోను ఇంట్లో ఇచ్చి పోవడం మొదలుపెట్టాడు. అతన్ని చూసి వీధిలో మిగతావాళ్లూ ఇచ్చారు. ఎస్తేరు చాలా సంతోషించింది. ఆ సంతోషం వైకుంఠరావు గారి ఫోను వచ్చేదాకా నిలిచింది.

"పాఠశాల ఆవరణయందు విద్యార్థులు సెల్‌ఫోను వినియోగించుట పూర్వమే నిషేధింపబడి యున్నది మేడం. గృహము పాఠశాల అయినందున నిషేధము గృహమునకును వర్తించును."

"మరి పాఠాలు ఫోనులోనే వస్తాయి గదా సార్."

"వచ్చును. ఆవరణ వెలుపల వినవచ్చును."

దాంతో పడమటి వీధి పిల్లలు ఫోన్లు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. రోడ్డు మీద ఎవరూ తిరగకుండా చూడటానికి వేసిన కానిస్టేబులు లాఠీ ఊపుకుంటూ వచ్చాడు.

"ఇళ్లల్లోకి పోండి అందరూ. బయట తిరగమాకండి."

"ఇల్లెక్కడుందయ్యా?" అని అడిగింది మాలకొండమ్మ. "ఇది బడి. బళ్లు మూసేశారని మీరే చెప్తిరి. పిల్లల్ని మూసేసిన బళ్లోకి ఎట్టా పంపిచ్చేది?"

కానిస్టేబులు టోపీ తీసి తల తుడుచుకుని, ఆ ప్రశ్న తన స్థాయిది కాదని వెళ్లిపోయాడు. చివరికి దారి నవ్యశ్రీయే కనిపెట్టింది. ఇంటి చుట్టూ ఉన్న పిట్టగోడ ఎక్కి, ఒక కాలు లోపలికీ ఒక కాలు బయటికీ వేసి కూర్చుంది. గోడ ఆవరణ లోపలిదా వెలుపలిదా అని ఎస్తేరు ఆఫీసుని అడిగింది. పరిశీలనలో ఉన్నదని జవాబు వచ్చింది. పరిశీలన సాగినన్నాళ్లూ ఆ వీధిలో పిల్లలంతా గోడల మీదే ఉన్నారు. పొద్దున్నే వీధి ఈ చివర నుంచి చూస్తే కాకులు వాలినట్టు వరసగా కనపడేవాళ్లు.

ఎస్తేరు ఒకరోజు గోడ కింద ఆగి, పలక తీసుకుని, భిన్నాలు చెప్పబోయింది. ఎవరు చూశారో, ఎవరు చెప్పారో, సాయంత్రానికి ఫోను.

"మీరు మార్గదర్శి మాత్రమే మేడం. బోధించిన యెడల, ఒక పాఠశాల ఉపాధ్యాయిని మరియొక పాఠశాలలో అనుమతి లేక ప్రవేశించినట్లగును."

ఆమె పలక సంచిలో పెట్టేసుకుంది. పదహారేళ్ల సర్వీసులో చాలా పనులు చేసింది, జనాన్ని లెక్కపెట్టింది, ఇళ్లు లెక్కపెట్టింది, మేకల్ని కూడా ఒకసారి లెక్కపెట్టింది. పాఠం చెప్పినందుకు మాట పడటం మాత్రం ఇదే మొదటిసారి. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తర్వాత కొద్దిరోజులకి తనిఖీ వచ్చింది. వైకుంఠరావు గారు మాస్కు మీద మాస్కు పెట్టుకుని, దానిమీద ప్లాస్టిక్ అద్దం తగిలించుకుని, జాగ్రత్తలు చెప్పడానికి మైకు కట్టిన జీపులో వచ్చారు. జీపు దిగలేదు. వీధిలో ఆపించి, తనిఖీ మొత్తం మైకులోనే చేశారు. పక్క ఊరి వాళ్లు కూడా విన్నారు.

"ప్రధానోపాధ్యాయురాలు ముందుకు రావలెను."

"ఇక్కడే ఉన్నాగా," అంది మాలకొండమ్మ. ఆమెకు మైకు అవసరం లేదు.

"ఆటస్థలము?"

"ఇదిగో వాకిలి."

"గ్రంథాలయము?"

మాలకొండమ్మ గోడకున్న క్యాలెండరు చూపించింది. ఆయన తల ఊపి రాసుకున్నారు. అంతలో ఆయన చూపు కొట్టం వైపు వెళ్లింది. జీపులో నిటారుగా కూర్చున్నారు.

"ఆవరణయందు ఆ మహిషము ఏల యున్నది?"

"ఏంది?"

"బర్రెనంటున్నారు పెద్దమ్మా," అని పక్క నుంచి అందించింది ఎస్తేరు.

"నల్లమ్మ. ఇది మాదే."

"పాఠశాల ఆవరణలో పశువులను కట్టివేయుట నిషిద్ధము. ఇరువది నాలుగు గంటలలో తొలగించవలెను."

మాలకొండమ్మ ముఖం పాలిపోయింది. ఆటోకి గిరాకీ లేని రోజులవి. ఇంటిల్లిపాదికీ ఇంత పెరుగన్నం దొరుకుతోందంటే నల్లమ్మ పుణ్యమే. ఎప్పుడూ జవాబుకి తడుముకోని మనిషి ఎస్తేరు వైపు చూసింది. ఆ చూపు చూసి ఎస్తేరుకి ఏం ధైర్యం వచ్చిందో, జీపు దగ్గరికి రెండడుగులు వేసింది.

"సార్, అది పశువు కాదండి. బోధనోపకరణం."

వైకుంఠరావు గారు ప్లాస్టిక్ అద్దం పైకెత్తి గేదెని చూశారు.

"బోధనోపకరణమా?"

"పెంపుడు జంతువుల పాఠం ఉంది గదా సార్. దానికి."

"స్టాకు రిజిస్టరులో నమోదు అయినదా?"

"అవుతుందండి."

"స్థిర వస్తువా, చర వస్తువా?"

"స్థిరంగా యాడుంటదయ్యా?" అంది మాలకొండమ్మ. "మాపటేల చెరువుకి పోద్ది."

"సంచార బోధనోపకరణము," అని ఆయన మైకులో నెమ్మదిగా, ఒక్కో అక్షరాన్నీ చప్పరిస్తున్నట్టు పలికారు. తన ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదని, దీన్ని పై అధికారుల దృష్టికి తీసుకువెళతానని చెప్పారు. ఉపకరణానికి క్రమసంఖ్య వెయ్యమని, వారానికొకసారి దుమ్ము దులపమని, పిల్లలు దాన్ని ఇళ్లకు తీసుకుపోకుండా చూడమని ఆజ్ఞాపించారు. సాయంత్రానికల్లా నల్లమ్మ కొమ్ము మీద తెల్లరంగుతో నెంబరు పడింది. అది చూసి వీధిలో మిగతావాళ్లూ తమ కోళ్లని, మేకల్ని, ఒకాయన కుక్కని కూడా ఉపకరణాలుగా రాయించుకున్నారు. మాలకొండమ్మ ఇంటికి "ఆదర్శ గృహ పాఠశాల" అన్న హోదా వచ్చింది.

హోదాతో పాటు ఇంకొకటి కూడా వచ్చింది. ఆఫీసులో ఎవరో లెక్క కట్టగా, ఇళ్లన్నీ బళ్లయ్యాక ఒక్కో బడికి ఒకటిన్నర విద్యార్థి చొప్పున తేలారు. అంత తక్కువ మందితో బళ్లు నడపడం దుబారా. తక్కువ పిల్లలున్న బళ్లను దగ్గర్లో ఉన్న ఆదర్శ పాఠశాలలో కలిపెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. పడమటి వీధి పిల్లలందరూ ఇకనుంచి మాలకొండమ్మ ఇంటికే వెళ్లాలి.

ఎస్తేరు వెంటనే ఫోను చేసింది.

"సార్, జబ్బు రోజులు. అందరూ ఒక ఇంట్లో చేరకూడదనే గదా బళ్లు మూసింది?"

"విలీనము కాగితముపై జరుగును మేడం. అయితే కాగితముపై యున్న పిల్లలు భౌతికముగా లేనిచో అది తప్పుడు హాజరు అగును."

"మరి దూరం?"

"దూరము పాటించుచు విలీనము కావలెను."

ఆమె ఫోను పెట్టేసి, పడమటి వీధిలో కబురు చెప్పడానికి బయల్దేరింది.

పిల్లలు మాస్కులు కట్టుకుని, చాపలు చంకన పెట్టుకుని వచ్చారు. ఆ ఇంట్లో ఉన్నవి రెండు గదులు, ఒక వసారా, ఒక కొట్టం. కొట్టంలో ఉపకరణం ఉంది. మాలకొండమ్మ గుమ్మంలో నిలబడి, పిల్లల్ని, ఇంటిని మార్చి మార్చి చూసి, లోపలికి రానివ్వకుండానే అందర్నీ వెనక్కి పంపేసింది.

"మూర దూరం కూడా ఉండదమ్మా వీళ్ల మధ్యన. ఒక్కరికి దగ్గొస్తే వీధంతా మంచం పడుద్ది. హెడ్‌మిస్ట్రెస్‌ని నేను. నాకు తెలవదా?" అంది ఎస్తేరుతో. "పెద్ద జాగా కావాల. ఆ వేపచెట్ల కింద జాగా ఊరికే పడుందిగా, అక్కడ కూర్చోబెడదాం."

"అది బడి పెద్దమ్మా. బడి తెరవకూడదు."

"బడి మా ఇల్లు గదమ్మా. అదెట్టా బడవుద్ది?"

ఎస్తేరు ఉత్తర్వుని గుర్తు చేసుకుంది. నిజమే. పాఠశాల అంటే గృహమని ఉత్తర్వు ఉంది. ఆ పాత భవనంలో ఒక్క విద్యార్థీ లేడు. అది ఇప్పుడు వేపచెట్లున్న ఒక ఖాళీ జాగా, అంతే. ఆమె అక్కడే తిన్నె మీద కూర్చుని, వైకుంఠరావు గారి భాషలోనే ఒక విన్నపం రాసింది. విలీనానంతర వసతి కొరత దృష్ట్యా, సమీపమందలి నిరుపయోగ ప్రభుత్వ ఆవరణను ఆరుబయలు తరగతుల నిమిత్తం వాడుకొనుటకు అనుమతించగలరు. కింద మాలకొండమ్మ వేలిముద్ర. అనుమతి అదే సాయంత్రం వచ్చింది. అంతమంది పిల్లలకి నిబంధన ప్రకారం ఒక ఉపాధ్యాయిని ఉండాలని, ఎస్తేరుని అక్కడికి నియమిస్తూ ఇంకో కాగితం కూడా వచ్చింది.

ఎస్తేరు మర్నాడు పొద్దున్నే తన బళ్లో తానే కొత్తగా చేరడానికి, చేరుతున్నట్టు కాగితం పట్టుకుని మాలకొండమ్మ ముందు నిలబడింది.

"బెల్లు కొట్టి శానాసేపయింది," అంది మాలకొండమ్మ. "రేపటి నుంచి పెందలాడే రా."

"అట్లాగే మేడం," అంది ఎస్తేరు.

పిల్లల్ని జట్లుగా విడదీసి, రోజుకొక జట్టుని రమ్మన్నారు. ఒక్కో చెట్టు మొదట్లో ఒక్కొక్కళ్లు కూర్చున్నారు. చెట్టుకీ చెట్టుకీ మధ్య ఇద్దరు మనుషులు పడుకునేంత చోటు ఉంది. నల్లమ్మని తోలుకొచ్చి గేటు దగ్గర కట్టేశారు. నవ్యశ్రీ తన పాత ప్రశ్నే అడిగింది. ఎస్తేరు నల్లమ్మని చూపించి, "దాని పాలు నలుగురికి పంచితే నీకు ఎక్కువొస్తాయా, ఎనిమిది మందికి పంచితే ఎక్కువొస్తాయా?" అంది. పిల్ల కాసేపు గేదెని, కాసేపు పలకని చూసింది. "ఓ, అందుకా," అని మాస్కు కింద నవ్వింది. ఎస్తేరుకి చాలా నెలల తర్వాత ఆ రోజు కడుపునిండా ఆకలేసింది.

అట్లా నడుస్తుండగా ఒకరోజు పొద్దున బెల్లు మోగలేదు. ఎస్తేరు వెళ్లి చూస్తే మాలకొండమ్మ కంచం ఒళ్లో పెట్టుకుని చెట్టు కింద కూర్చుని ఉంది.

"ఏమైంది పెద్దమ్మా?"

మాలకొండమ్మ కూతురు సుగుణకి నెలలు నిండాయి. అత్తగారు లేరు. మొగుడు లారీతో పరాయి రాష్ట్రంలో చిక్కుకుపోయాడు. చీమలదిన్నెలో ఒకటో తరగతి కొడుకుతో ఒక్కతే ఉంది. దగ్గరే, కానీ మధ్యలో పోలీసులు అడ్డం పెట్టారు. గాలెయ్య తల్లిని ఆటోలో ఎక్కించుకుని రెండుసార్లు వెళ్లి తిరిగొచ్చాడు. పాసుకి పెట్టుకుంటే, ప్రసవం అత్యవసరమేగానీ ప్రసవించేది దరఖాస్తుదారు కాదు కాబట్టి ఇవ్వడం కుదరదని చెప్పారు.

"నా బిడ్డ తొలికానుపుకే చచ్చి బతికింది," అంది మాలకొండమ్మ. ఇన్నాళ్లలో ఆ గొంతు అంత చిన్నగా ఎస్తేరు ఎప్పుడూ వినలేదు. "ఇంతమంది పిల్లల్ని చూసుకోమని నాకిచ్చారు గదమ్మా. నా పిల్లని చూసుకోవద్దంటారేంది?"

ఎస్తేరు ఆ రోజు పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. సుగుణ ఇంట్లో ఒకటో తరగతి పిల్లాడు ఉన్నాడు. అంటే ఆ ఇల్లూ బడే. ఆ ఊళ్లో ఆదర్శ పాఠశాల లేదు కాబట్టి ఇంకా దేన్లోనూ కలపలేదు. మొగుడు ఊళ్లో లేడు కాబట్టి హెడ్‌మిస్ట్రెస్ సుగుణే. హెడ్‌మిస్ట్రెస్‌కి ప్రసూతి సెలవు ఉంటుంది. ఎస్తేరు సుద్దముక్క కింద పెట్టి వైకుంఠరావు గారికి ఫోను చేసింది.

"సార్, చీమలదిన్నెలో ఒక గృహ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు ప్రసూతి సెలవులోకి వెళ్తున్నారు. ఆ బళ్లో రెండో మనిషి లేరు."

కనబోయే మనిషి ఒంటరిగా ఉందంటే కదలని ఆఫీసు, కుర్చీ ఖాళీగా ఉందనేసరికి ఒక్కసారిగా కదిలింది.

"ప్రధానోపాధ్యాయులు లేని పాఠశాలయా? పై నుండి తనిఖీ బృందము వచ్చు సమయమిది. తక్షణము అనుభవజ్ఞులను డెప్యుటేషనుపై పంపవలెను. ఎవరున్నారు?"

"మీరే చెప్పాలి సార్."

ఆయన ఆలోచించారు. "సంచార బోధనోపకరణమును ప్రవేశపెట్టిన మాలకొండమ్మ గారికి మించినవారు మన పరిధిలో లేరు. అయితే స్వగ్రామము విడిచి వెళ్లుటకు ఆమె అంగీకరించునా?"

"నచ్చజెబుతాను సార్," అంది ఎస్తేరు.

ఉత్తర్వు వచ్చింది. ఆలస్యం కాకూడదని మైకు జీపునే పంపించారు. నర్సమ్మ వచ్చి పరీక్ష చేసి, జబ్బు లేదని చెప్పింది. మాలకొండమ్మ కొత్త చీర కట్టుకుని, బాలింతకి పెట్టే కాయం డబ్బా, పాత చీరలు మూటగట్టుకుని, కోడల్ని పిలిచి కంచం, గరిటె చేతికిచ్చింది.

"ఇంచార్జివి నువ్వు. నల్లమ్మ జాగ్రత్త. గాలిగాడికి లోపల కూర్చోబెట్టి అన్నం పెట్టు పాపం."

అంకమ్మ గరిటె అందుకుని, అత్తగారు ఎప్పుడూ కూర్చునే అరుగు వైపు ఒకసారి చూసి, "చూద్దాంలే అత్తా," అంది.

పోలీసులు అడ్డం పెట్టిన చోట గాలెయ్యని రెండుసార్లు వెనక్కి పంపిన మనిషే జీపు ఆపాడు. కాగితం చదివి, ముసలమ్మని చూసి, మళ్లీ కాగితం చదివాడు.

"ఎక్కడికమ్మా?"

"డూటీకి," అంది మాలకొండమ్మ.

అతను దారికి అడ్డంగా ఉన్న దుంగ పైకెత్తి, ఎందుకైనా మంచిదని సెల్యూట్ చేశాడు. జీపు చీమలదిన్నెలోకి వెళ్లాక, ఇల్లు ఎక్కడని అడిగిన డ్రైవరుకి మాలకొండమ్మ దారి చెప్పలేదు. ముందు సీట్లో ఉన్న మైకు అందుకుంది. "సుగుణా, నేనొచ్చా. తలుపు తియ్యమ్మా," అన్న మాట ఊరంతా మోగింది. అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. వాటిల్లో ఒక తలుపు దగ్గర, ద్వారబంధం పట్టుకుని, నిండు కడుపుతో ఏడుస్తూ నిలబడి ఉంది ఆమె బిడ్డ.

కొన్నాళ్లకి ఎస్తేరు చెట్ల కింద పాఠం చెబుతుంటే ఫోను మోగింది.

"అమ్మా ఎస్తేరూ, నా బళ్లో ఒకళ్లు చేరారు. ఆడపిల్ల. తల్లీ పిల్లా కులాసా. రాసుకో."

ఎస్తేరు పిల్లల ముందే కళ్లు తుడుచుకుంది. "పేరేంది పెద్దమ్మా?"

"పేరు తర్వాత పెడతాం. ముందు మీ ఆఫీసుకి చెప్పు, లేకపోతే పిల్లలు తక్కువున్నారని మళ్లీ ఎందులోనో కలిపేస్తారు."

ఎస్తేరు చీమలదిన్నె గృహ పాఠశాలలో విద్యార్థుల సంఖ్య రెట్టింపు అయిందని ఆఫీసుకి రాసింది. వైకుంఠరావు గారి జవాబు ఆ పూటే వచ్చింది. "సంఖ్య పెరుగుట హర్షణీయము. అయితే సదరు బాలిక ఇంతకు పూర్వము ఎచ్చట యుండెనో అచ్చటి నుండి బదిలీ ధ్రువపత్రము తెప్పించి జతపరచవలెను."

ఆమె దాన్ని మాలకొండమ్మకి ఫోనులో చదివి వినిపించింది. అవతల పసిపిల్ల ఏడుస్తోంది.

"దీనికి మళ్లీ కాగితమెందుకమ్మా?" అంది మాలకొండమ్మ. "తెల్లారుజామున నా కూతురు రిలీవ్ చేసింది. నేను జాయిన్ చేసుకున్నా. అట్టాగే రాయి."

ఎస్తేరు అట్లాగే రాసింది.

ఆమోదించడమైనదని జవాబు వచ్చింది.